వరద రోజుల్లో ఒడ్డున ఆగడం



వానలు పడి నారింజ వాగు పారుతున్నదని వినగానే మన జహీరాబాదు పల్లెల్లో పిల్లలు, పెద్దలు గాలాలు, వలలు పట్టుకొని బయలుదేరుతారు. సింగూరు గేట్లు ఎత్తారంటే చూడడానికి ఇంటిల్లిపాదీ కదులుతారు. 2016 వేసవిలో సింగూరు ఎండిపోవడం చూసిన వారికి నిండు నీటి విలువ బాగా తెలుసు. అయితే ఈత, తెడ్డు, వల నేర్చుకొనే ముందు నీళ్లలోకి దిగకూడని రోజులేవో మనం నేర్చుకోవాలి.

మంజీర మహారాష్ట్రలోని బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో బయలుదేరి, బీదరు మీదుగా మన వైపు వచ్చి, ఉత్తరానికి తిరిగి కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. మొత్తం 724 కిలోమీటర్ల ప్రయాణం. అందుచేత మన ఊళ్లో ఎండ కాస్తున్నా, పైన కురిసిన వాన రాత్రికి రాత్రే నీటిని పెంచగలదు. మన జాలరుల పుట్టి నిలకడ నీటికి చక్కనిది. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, తారు పూసిన పట్టా బిగిస్తారు. ఒక్క మనిషి మోసుకుపోవచ్చు. కాని దాని అడుగు చదును గనుక వడి నీటిలో గిర్రున తిరుగుతుంది, తెడ్డుకు లొంగదు.

గంగానది మీద ఋషీకేశ్ దగ్గర రబ్బరు పడవల్లో సుడులు, రాళ్లు దాటే ఆట ఉన్నది. తలకు టోపీ, ఒంటికి లైఫ్ జాకెట్టు, వెంట నేర్పరి ఉంటారు. అయినా వర్షాకాలంలో దానిని ఆపివేస్తారు. కాశ్మీరు చల్లని ఏరుల్లో ట్రౌట్ చేపలున్నాయి. 1900లో విదేశం నుండి తెచ్చిన గుడ్లతో అక్కడ వాటి పెంపకం మొదలైంది. అవి గుడ్లు పెట్టే చలికాలంలో అక్కడ వేట మూసివేస్తారు. అంటే ఒకచోట మనిషి ప్రాణం కోసం, మరొకచోట చేప సంతానం కోసం ఆగుతున్నారు.

మన మంజీరలో ఈ రెండు కారణాలూ ఒకే కాలంలో కలిసి వస్తాయి. వరద వచ్చే నెలల్లోనే చేపలు గుడ్లు పెడతాయి. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించిన కొర్రమీనునే చూడండి. తల్లీతండ్రీ కలిసి పిల్లలను కాపాడతాయి. ఎర్రని పిల్లల గుంపు నీటి పైన కదులుతుంటే, పెద్ద చేపలు కిందనే కాపలా ఉంటాయి. ఆ గుంపును గురుతు పట్టి గాలం వేస్తే పెద్ద చేప సులువుగా దొరుకుతుంది. ఒక పూట కూర అవుతుంది. కాని కాపలా పోయిన పిల్లలను ఇతర చేపలు, పక్షులు తినివేస్తాయి. వచ్చే ఏడు మన పిల్లలకు దొరకవలసిన చేపలు ఆ కూరతోనే పోతాయి.

వేటే జీవనాధారమైన ఇళ్లకు ఆగడం తేలిక కాదని మనకు తెలుసు. గలిలయ జాలరుల సంగతులు చదివే మనకు వట్టి వలతో తిరిగి వచ్చే బాధ కొత్తది కాదు. అందుకే ఆ నెలల కోసం ముందుగానే చేపలు ఎండబెట్టుకోవడం, కొంత సొమ్ము దాచుకోవడం, సంఘంలో ఒకరికొకరు ఆసరా కావడం అవసరం.

ఇంట్లో ఈ మాటలు చెప్పుకుందాం. గేట్లు ఎత్తుతారని దండోరా వేస్తే పుట్టిని ఒడ్డుకు లాగి కట్టాలి. మంజీర అభయారణ్యంలో మొసళ్లున్నాయి గనుక సంధ్యవేళ అక్కడ నీటి అంచున కూర్చోరాదు. ఎవరైనా మునుగుతుంటే వెంటనే దూకకుండా, మూత బిగించిన ఖాళీ డబ్బాకు తాడు కట్టి విసరాలి. ఆ డబ్బా, తాడు ఎప్పుడూ పుట్టిలోనే ఉండాలి.

ఒడ్డు నుండి వెనుకకు వచ్చిన కుమారుని పిరికివాడని ఎవరూ నవ్వకుందురు గాక. వాడు క్షేమంగా ఇల్లు చేరాడు. నీరు తగ్గిన తరువాత అదే నదికి మళ్లీ వెళ్తాడు.