ఢిల్లీకి నానమ్మనూ తీసుకెళ్లండి!

వేసవి సెలవులో, దసరా సెలవులో దగ్గరపడుతున్నాయంటే చాలు... మధ్యతరగతి ఇళ్లలో ఓ కాగితం, ఓ పెన్ను బయటికొస్తాయి. పిల్లలకు ఎర్రకోట చూపించాలి, కుతుబ్ మినార్ చూపించాలి. పనిలోపనిగా తాజ్‌మహల్ కూడా. రైలు ఛార్జీలు, హోటల్ గది, తిండి, తిరుగుళ్లు... అన్నీ కూడేసరికి అంకె కాస్తా పెద్దదవుతుంది. అప్పుడు మొదలవుతుంది కోత. మొట్టమొదట కొట్టేసేది చాలా ఇళ్లలో ఒకే పేరు. నానమ్మ!

'మీరెళ్లి రండి నాయనా, ఈ వయసులో నాకెందుకు తిరుగుళ్లు' అని ఆవిడే ముందుగా అనేస్తుంది. ఖర్చు తగ్గుతుందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ నిజంగా ఎంత తగ్గుతుంది? ఆ లెక్క మాత్రం ఎవరూ వేయరు. ఒకసారి వేసి చూద్దాం. భార్యాభర్తలు, పదిహేనేళ్లలోపు పిల్లలిద్దరు, నానమ్మ. మొత్తం ఐదుగురు.

టికెట్లకయ్యేది ఇంతేనా!

ఢిల్లీ అనగానే చూడాల్సినవి బోలెడు, టికెట్లకే బోలెడవుతుందని భయం. అసలు సంగతి వేరు. కుతుబ్ మినార్, హుమాయూన్ సమాధి ప్రపంచ వారసత్వ కట్టడాలు. మనవాళ్లకు ఒక్కోదానికి టికెట్ 40 రూపాయలు, ఆన్‌లైన్లో తీసుకుంటే 35. సఫ్దర్‌జంగ్ సమాధికి 25, ఆన్‌లైన్లో 20. పదిహేనేళ్లలోపు పిల్లలకు పురావస్తు శాఖ కట్టడాల్లో టికెట్టే లేదు. అంటే ముగ్గురు పెద్దలకు ఈ మూడూ చూడటానికయ్యేది 270 రూపాయలు. తాజ్‌మహల్ ఒక్కటే కాస్త ఖరీదు. లోపలికి 50, సమాధి ఉన్న ప్రధాన మందిరంలోకి వెళ్లాలంటే మరో 200. ముగ్గురికీ కలిపి 750. నాలుగు కట్టడాలకూ మొత్తం 1,020 రూపాయలు. ఇందులో నానమ్మ వాటా 340!

మెట్లెక్కలేని పెద్దవాళ్లకు ఆ 200 టికెట్ కూడా అక్కర్లేదు. తోటలోంచి, కింది నుంచి కనిపించే తాజ్ అందానికి లోటేమీ ఉండదు.

ఇక పైసా తీసుకోని చోట్లకు కొదవే లేదు. ఇండియా గేట్, దాని పక్కనే 2019లో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం, జామా మసీదు, రాజ్‌ఘాట్, గాంధీజీ ప్రాణాలు విడిచిన గాంధీ స్మృతి, లోధీ గార్డెన్, బిర్లా మందిర్... అన్నీ ఉచితమే. బంగ్లా సాహిబ్ గురుద్వారాలో అయితే దర్శనంతో పాటు లంగర్‌లో భోజనం కూడా. తలమీద గుడ్డ కప్పుకుని, అందరితో పాటు బంతిలో కూర్చుంటే చాలు.

మరి డబ్బంతా ఎక్కడికి పోతున్నట్టు? చూడటానికి కాదు... ఒక చోటి నుంచి మరో చోటికి, తప్పు రోజున తప్పు చోటికి వెళ్లడానికి!

వారం చూసి బయల్దేరండి

ఎర్రకోటకు సోమవారం సెలవు. జాతీయ మ్యూజియం, గాంధీ స్మృతి, లోటస్ టెంపుల్, అక్షర్‌ధామ్ కూడా సోమవారం మూసే ఉంటాయి. తాజ్‌మహల్‌కు శుక్రవారం సెలవు. అందుకే ఢిల్లీ నుంచి ఆగ్రా వెళ్లే గతిమాన్ ఎక్స్‌ప్రెస్ కూడా శుక్రవారం నడవదు. ఇది తెలియక సోమవారం ఉదయాన్నే ఎర్రకోట ముందు దిగితే ఆటో డబ్బులూ పోయె, సగం రోజూ పోయె. ఆ సగం రోజు కోసం మరో రాత్రి గది అద్దె. ఖర్చు తడిసి మోపెడయ్యేది ఇలాగే. ఆగస్టు 15కు ముందు కొన్ని రోజులు భద్రత కోసం ఎర్రకోటను మూసేస్తారని కూడా గుర్తుంచుకోవాలి.

కుతుబ్ మినార్, హుమాయూన్ సమాధి మాత్రం వారమంతా తెరిచే ఉంటాయి. కాబట్టి సోమవారాన్ని వాటికి కేటాయిస్తే సరి.

మరో కిటుకు... హైదరాబాద్ నుంచి వెళ్లే తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌కు ఢిల్లీ కంటే ముందే ఆగ్రా వస్తుంది. చాలామంది ఆగ్రా దాటుకుని ఢిల్లీ వెళ్లి, మళ్లీ టాక్సీ మాట్లాడుకుని రెండొందల కిలోమీటర్లు వెనక్కి వస్తారు. రానూపోనూ నాలుగొందలు! అదేదో వెళ్లేటప్పుడే ఆగ్రాలో దిగిపోతే? శుక్రవారం పొద్దున్నే హైదరాబాద్‌లో రైలెక్కితే శనివారం తెల్లవారుజామున ఆగ్రా కంటోన్మెంట్. సామాన్లు క్లోక్‌రూంలో పెట్టి (సంచులకు తాళాలుండాలి సుమా), సూర్యోదయం వేళకు తాజ్. సాయంత్రం మరో రైల్లో ఢిల్లీ. ఆదివారం ఇండియా గేట్, లోధీ గార్డెన్, బంగ్లా సాహిబ్. సోమవారం కుతుబ్, హుమాయూన్, సఫ్దర్‌జంగ్. మంగళవారం ఎర్రకోట, జామా మసీదు, చాందినీచౌక్. బుధవారం తిరుగు ప్రయాణం. గది అద్దె నాలుగు రాత్రులకే.

గది ఎక్కడ తీసుకోవాలి?

'ఊరి చివరైతే చవక' అనుకోవడం చాలామంది చేసే పని. మెట్రో లెక్క చూడండి. 2025 ఆగస్టులో సవరించిన ఛార్జీల ప్రకారం రెండు నుంచి ఐదు కిలోమీటర్లకు 21 రూపాయలు, పన్నెండు నుంచి ఇరవై ఒక్క కిలోమీటర్లకు 43. మనిషికి తేడా 22 రూపాయలే. కానీ ఐదుగురు, రోజుకు రానూపోనూ అంటే 220 రూపాయలు! పిల్లలకు మెట్రోలో అర టికెట్ లేదు. మూడడుగుల లోపు వాళ్లకే ఉచితం. కాబట్టి నగరం మధ్యలో, మెట్రోకి నడిచి వెళ్లేంత దూరంలో గది అద్దె రెండొందలు ఎక్కువున్నా నష్టమేమీ లేదు. పైగా రోజుకో గంట కలిసొస్తుంది. మధ్యాహ్నం నానమ్మ గదికొచ్చి నడుం వాల్చే వీలూ ఉంటుంది. న్యూఢిల్లీ స్టేషన్ పక్కనున్న పహాడ్‌గంజ్, మెట్రో స్టేషన్ ఉన్న కరోల్‌బాగ్ ఇందుకు అనువైనవే. అద్దె మాట్లాడేటప్పుడు పన్ను కలిపి చెబుతున్నారో లేదో అడగాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల్లోపు గదులకు జీఎస్టీ 5 శాతం.

మెట్రోలో ఆదివారాలు, జాతీయ సెలవు దినాల్లో ఛార్జీ తక్కువ. మామూలు రోజుల్లో 32 అయ్యే దూరానికి ఆదివారం 21. అలాగని అన్నిచోట్లకూ మెట్రోనే చవకా? కాదు. ఐదుగురికీ 21 చొప్పున 105 రూపాయలవుతున్నప్పుడు, ఆ దూరానికి క్యాబ్ ఎంత చూపిస్తోందో ఓసారి ఫోన్లో చూసుకుంటే మేలు. ఆటోలో ఎక్కేది ముగ్గురే కాబట్టి రెండు ఆటోలవుతాయి. కుతుబ్ మినార్ మెట్రో స్టేషన్ నుంచి కట్టడం దాకా మాత్రం ఆటో తప్పదు. అదే సఫ్దర్‌జంగ్ సమాధికీ, లోధీ గార్డెన్‌కూ జోర్‌బాగ్ స్టేషన్లో దిగితే నడకే.

తిండి విషయానికొస్తే, ఆకలి మండిపోయాక కనిపించిన హోటల్లోకి దూరితేనే జేబుకు చిల్లు. పొద్దున బయల్దేరేటప్పుడే మధ్యాహ్నం ఎక్కడ తినేదీ అనుకుంటే సగం ఖర్చు అదుపులో ఉన్నట్టే. నాలుగు రోజులు రొట్టెలు తిని నాలుక చచ్చిపోతే అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్ ఉండనే ఉంది. పప్పు, పచ్చడి, పొడి, నెయ్యి... ఢిల్లీవాళ్లే వరసలో నిలబడి తినే భోజనమది.

ఆవిడ టికెట్ విడిగా...

నానమ్మ వల్ల పెరిగే అసలు ఖర్చు రైలు టికెట్టే. పెద్దవాళ్లకిచ్చే రాయితీని రైల్వే 2020 మార్చిలో నిలిపేసింది. మళ్లీ ఇవ్వలేదు. కాబట్టి పూర్తి ఛార్జీ చెల్లించాల్సిందే. కానీ లోయర్ బెర్త్ కోటా ఉంది. నలభై అయిదేళ్లు నిండిన మహిళలకు, అరవై నిండిన పురుషులకు. ఇక్కడే ఓ మెలిక... ఇంటిల్లిపాదికీ ఒకే టికెట్ తీస్తే ఆ కోటా వర్తించదు. ఆవిడకు విడిగా తీయాలి. బోగీ వేరైతే రైలెక్కాక కాస్త బతిమాలుకుని సర్దుకోవాలి. 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ అరవై రోజుల ముందే మొదలవుతోంది. అంతకుముందు నూట ఇరవై రోజులుండేది. కాబట్టి క్యాలెండర్లో ఆ తేదీ చుట్టూ గీత గీసుకోండి. పన్నెండేళ్లలోపు పిల్లలకు బెర్త్ వద్దనుకుంటే అర టికెట్, బెర్త్ కావాలంటే పూర్తి ఛార్జీ.

ఇప్పుడు కూడండి. గది ఎలాగూ తీసుకునేదే, మహా అయితే మరో పరుపు. రోజుకో పెద్దవాళ్ల భోజనం. కట్టడాలకు 340. మెట్రో టికెట్లు. రానూపోనూ రైలు. ఇదీ నానమ్మ ఖర్చు. బడ్జెట్లో అయిదో వంతు కూడా కాదు. ఎందుకంటే గది, ఆటో లాంటివి మనిషిని బట్టి పెరిగే ఖర్చులు కావు.

అయితే డబ్బుతో పాటు వేగం లెక్క కూడా మార్చాలి. రోజుకు అయిదు చోట్లు కాదు, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, ఓపికుంటే మరొకటి. మే, జూన్ ఎండలూ, నవంబరు నాటి కాలుష్యమూ పెద్దవాళ్లకు మంచివి కావు. డిసెంబరు, జనవరిల్లో పొగమంచుకు రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి. ఫిబ్రవరి, మార్చి నెలలు హాయి. అప్పుడే రాష్ట్రపతి భవన్‌లోని అమృత్ ఉద్యాన్ కూడా తెరుస్తారు, ప్రవేశం ఉచితం. పరీక్షల వల్ల కుదరదంటే అక్టోబరులో దసరా సెలవులున్నాయి.

అంతా అయ్యాక మొత్తంలో పదోవంతు విడిగా ఓ కవర్లో పెట్టండి. మందులకో, అనుకోని ఆటోకో, రైలు ఆలస్యమైతే ఓ పూట భోజనానికో ఉంటుంది. ఖర్చవకుండా మిగిలితే చాందినీచౌక్‌లో వేడివేడి జిలేబీ. నానమ్మకు షుగరుంటే... ఆవిడకు ఒక్క ముక్క!