పొరుగూరి నాటకము

జవాబుపత్రములు దిద్దుటకో, శిక్షణ తరగతులకో మన ఉపాధ్యాయులు ఏటేట పొరుగు పట్టణములకు పోవుచుందురు. పగలు పనితో గడచును. సాయంకాలము మాత్రము బసలో కూర్చుండి, జీతముల బకాయిలను గూర్చియు బదిలీలను గూర్చియు మాటలాడుకొనుటతో సరి. నిజామాబాదునకు వచ్చినవారిలో కొంత ఉత్సాహము గలవారు ఖిల్లా ఎక్కి, దాశరథిని బంధించిన చెరసాల చూచి దిగుదురు. మంచిదే. కాని, "ఈ ప్రాంతమున ఆడెడి నాటకమేది? ఎక్కడ చూడవచ్చును?" అని అడిగినవారిని మేము వ్రేళ్లపై లెక్కింపగలము.

హైదరాబాదులో ఈ చిక్కు లేదు. 1961లో వెలసిన రవీంద్రభారతి ముందు నిలిచినచో ఆనాటి ప్రదర్శన యేదో ప్రకటనయే చెప్పును. ఇందూరు సీమలోని అసలు నాటకమునకు ప్రకటన లేదు, టిక్కెట్టు లేదు, కుర్చీ కూడ లేదు. దానిని అడిగి తెలిసికొనవలెను.

దాని పేరు చిందు భాగవతము. చిందు కులమువారు తరతరములుగా మాదిగవాడల నాశ్రయించి ఆడుచు వచ్చిన యక్షగానమిది. భార్య, భర్త, బిడ్డలు, అందరును నటులే. ఆడువారు రంగమెక్కరాదని పట్టణ నాటక సమాజములు మగవారికి చీరలు కట్టించిన దినములలోనే ఈ కుటుంబములలోని స్త్రీలు వేషము కట్టి చిందు త్రొక్కిరి. బోధను మండలములోని అమ్దాపూరుకు చెందిన చిందుల ఎల్లమ్మ ఆ కోవలోనిది. ఆమె 2005లో కన్నుమూసినది. 2024లో చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ లభించిన పిమ్మట ఈ పేరు పత్రికలలో కొంత వినబడినది. మన బడులలో నేటికిని వినబడుటలేదు. ఏల? వాడ పేరు విని వెనుకాడుటయే కారణమని మేము నిర్మొగమాటముగా చెప్పుచున్నాము. కీచకవధతో 1885లో మొదలైన సురభి కథను పిల్లలకు ఉత్సాహముతో చెప్పెడి పంతులుగారే, తన బడికి రెండు మైళ్ల దూరమున జరిగెడి ఆటకు పోలేదు.

ఆడువారికి ఇప్పుడు ఆధారమును సన్నగిల్లినది. నిజాంసాగరు నీటితో చెరకు పండి, 1937లో స్థాపితమైన చక్కెర కర్మాగారము శక్కర్‌నగరును వెలిగించిన కాలమున బోధను పల్లెలలో చేతికి డబ్బాడెడిది. 2015 డిసెంబరులో ఆ కర్మాగారము మూతపడినది. పంట చూచుకొని ధాన్యమిచ్చెడి పాత మర్యాదయు తగ్గినది. ఉత్సవములకు పట్టణము పిలిచి అరగంట వేదిక ఇచ్చుట కద్దు. రాత్రి పొడుగునను సాగవలసిన కథను అరగంటకు కుదించినచో మిగులునది వేషమే.

మేమును తప్పు చేసినవారమే. ఒకమారు నిజామాబాదునకు సభకై పోయి, ఎవరో చెప్పగా బోధను దారిలో ఒక పల్లె చేరితిమి. వేపచెట్టు క్రింద ముఖమునకు పసుపురంగు పూసికొనుచున్న పెద్దాయన మమ్ము చూచి, "యాడికెల్లి వచ్చిన్రు సారూ?" అనెను. చెప్పితిమి. అద్దము దించి, "ఆఖరు దాకా ఉంటరా?" అని అడిగెను. ఉందుమంటిమి.

ఆనాటి కథ జాంబపురాణము. భూమి పుట్టుటకు ముందే జాంబవముని పుట్టెనని చెప్పెడి మాదిగల కులపురాణమది. అందు బ్రాహ్మణునికిని జాంబవునికిని వాదము జరుగును. కులమెట్లు పుట్టెనని ఒకరు, ఎవరు ముందని ఒకరు. మద్దెల మ్రోగుచుండగా, నేలపై కూర్చున్న ముసలివాండ్రు ఒక్కొక్క జవాబునకు తలలూపుచు, నవ్వుచు, నడుమ తామును మాట కలుపుచుండిరి. తరగతిలో ఏ పద్యమునకును అట్టి శ్రోతలు మాకు దొరకలేదు.

బ్రాహ్మణుడు మరియొక గడ్డు ప్రశ్న వేసెను. జాంబవుడు కఱ్ఱ నేలపై తాటించి, నవ్వి, రంగము చుట్టు ఒక చుట్టు తిరిగెను. అంతలో మాతో వచ్చినవారు చివరి బస్సు వేళయైనదని భుజము తట్టిరి. లేచితిమి. పెద్దాయన చూచెను గాని ఆట ఆపలేదు. ఆ ప్రశ్నకు జవాబేమో మాకింకను తెలియదు.