సూది కూడా మందుచీటీలో రాయండి

షుగర్ మాత్రలకు లొంగడం లేదు, ఇక ఇన్సులిన్ మొదలుపెడదాం అని డాక్టరు అన్న రోజు మన ఇళ్లలో పొయ్యి వెలిగించబుద్ధి కాదు. జబ్బు ముదిరిపోయిందన్న భయం, రోజూ ఒళ్లు పొడుచుకోవాలన్న బెంగ. ఆ కంగారులోనే చీటీ పట్టుకొని మెడికల్ షాపుకు వెళతాం. కౌంటరు వెనకున్న కుర్రాడు ఓ బుడ్డి, రెండు సిరంజిలు కవర్లో వేసి ఇస్తాడు. ఇన్సులిన్ పెన్ను రాసుంటే అదే ఇస్తాడు. 'ఎలా వేసుకోవాలి బాబూ' అని అడిగితే 'పొట్ట మీద వేసుకోండమ్మా, ఏం కాదు' అంటాడు. ఎంతోమందికి అందే శిక్షణ ఆ ఒక్క ముక్కే.

దేశంలో 10 కోట్లమందికి పైగా మధుమేహం ఉందని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో లెక్క తేల్చింది. అందరికీ ఇన్సులిన్ అక్కర్లేదు. అక్కరున్నవాళ్లు మాత్రం, ఆసుపత్రిలో నర్సు చేయాల్సిన పనిని ఇంట్లో మంచం మీద కూర్చొని రోజుకు రెండు మూడుసార్లు చేసుకుంటున్నారు. అందులో చూపు మందగించినవాళ్లున్నారు, చేతులు వణికేవాళ్లున్నారు. నర్సుకు ఆ పని నేర్పడానికి కాలేజీలున్నాయి. మన అమ్మానాన్నలకు నేర్పడానికి ఓ అరగంట ఇచ్చే మనిషి లేడు.

మా పెద్దమ్మ ఖమ్మంలో ఉంటుంది. మొన్న వెళ్లినప్పుడు సూది వేసుకుంటుంటే పక్కనే కూర్చున్నాను. "పెద్దమ్మా, ఈ సూది ఎప్పుడు మార్చావు?" అన్నాను. "ఎందుకురా మార్చడం, ఇంకా మొండిబారలేదుగా. నొప్పి పుట్టినప్పుడు మారుస్తా" అంది. బొడ్డుకు కుడిపక్కన చిన్న నిమ్మకాయంత గడ్డ ఉంది. పైన చర్మం నున్నగా మెరుస్తోంది, నొక్కితే లోపల రబ్బరులా తగులుతోంది. సూదిని సరిగ్గా దాని మీదే దించింది. "అక్కడైతే నొప్పి తెలియదురా" అంది.

నొప్పి తెలియని ఆ చోటే అసలు ముప్పు. వాడిన సూదినే మళ్లీ మళ్లీ వాడుతూ, ఒకేచోట పొడుచుకుంటూ పోతే చర్మం కింద కొవ్వు గడ్డకడుతుంది. అందులోకి వెళ్లిన ఇన్సులిన్ రక్తంలోకి ఒకరోజు త్వరగా, ఇంకోరోజు ఆలస్యంగా చేరుతుంది. షుగర్ అదుపు తప్పుతుంది. డాక్టరు గడ్డను చూడరు, కాగితం మీది అంకె చూసి మోతాదు పెంచుతారు. ఎప్పుడో ఒకనాడు ఎవరో చెప్పారని అదే పెంచిన మోతాదును గడ్డ లేని చోట వేసుకుంటే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే గడ్డ ఉన్నవాళ్లు చోటు మార్చేముందు డాక్టరుకు చెప్పి మోతాదు చూపించుకోవాలి. పొట్ట, తొడలు, పిరుదులు ఇలా వంతులవారీగా మారుస్తూ, కిందటిసారి వేసుకున్న చోటికి కనీసం ఒక వేలి వెడల్పు దూరం జరగాలి. డాక్టర్లూ రోగి వచ్చిన ప్రతిసారీ పొట్ట తడిమి చూడాలి. అదేమంత పెద్ద పని?

సూది మళ్లీ వాడితే చీము పడుతుందని భయపెట్టేవాళ్లున్నారు. ఎవరి సూది వాళ్లే వాడుకున్నప్పుడు అలా జరగడం అరుదు. పెద్దవాళ్లకు ఆ సంగతి అనుభవంలో తెలుసు కనుక మన మాట చెవిన పెట్టరు. భయపెట్టేకన్నా ఉన్నది చెప్పడం మేలు. కొత్త సూదికి పలచటి సిలికాన్ పూత ఉంటుంది, ఒకటి రెండుసార్లకే అది పోతుంది. పదేపదే వాడిన సూదిని మైక్రోస్కోపు కింద చూస్తే మొన వంగి, అంచు చిట్లి కనిపిస్తుంది. స్పిరిట్‌తో తుడిస్తే ఆ పూత ఇంకా త్వరగా పోతుంది. గాజు సిరంజిలను స్టవ్ మీద మరగబెట్టి, సూదులకు సానపట్టి వాడిన కాలం నాటి అలవాటు మన పెద్దల చేతుల్లో ఇంకా ఉంది. ఇప్పటి ప్లాస్టిక్ సిరంజి అలా మరగబెట్టి వాడేందుకు చేసింది కాదు. ఇక సూదిని పెన్నుకే వదిలేస్తే లోపలికి గాలి చేరుతుంది, మందు కారిపోతుంది, మర్నాటి మోతాదు తప్పుతుంది.

ఒకరి పెన్ను ఇంకొకరు వాడటం మాత్రం పూర్తిగా వేరే సంగతి. ఇక్కడ భయపడాల్సిందే. భార్యాభర్తలిద్దరికీ షుగర్ ఉంటే 'సూది మార్చుకుంటున్నాంగా' అని ఒకే పెన్ను వాడే ఇళ్లున్నాయి. సూది మార్చినా సరిపోదు. పొడిచినప్పుడు కంటికి కనిపించనంత రక్తం వెనక్కి, మందు ఉన్న గొట్టంలోకి చేరవచ్చు. ఇన్సులిన్‌లో ఘాటైన వాసనతో ఉండే ఫీనాల్ లాంటి నిల్వ మందు బ్యాక్టీరియాను పెరగనివ్వదు గానీ, హెపటైటిస్ వైరస్‌నూ హెచ్‌ఐవీనీ ఆపలేదు. పెన్నుల మీద 'ఒక్క రోగికే' అని ముద్రించాలని అమెరికా ఎఫ్‌డీఏ 2015లో ఆదేశించింది ఇందుకే. సొంతంగా వేసుకోలేక ఊళ్లో ఆర్‌ఎంపీ చేత వేయించుకునే ముసలివాళ్లు, సిరంజి ప్యాకెట్ తమ కళ్లముందే చించమని అడగాలి. ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లా బంగర్‌మవ్‌లో 2018లో డజన్లమందికి హెచ్‌ఐవీ బయటపడితే, ఒకే సిరంజిని పలువురికి వాడిన నాటువైద్యుణ్ని ఆరోగ్యశాఖ వేలెత్తి చూపింది. అడగడానికి మొహమాటపడే వ్యవహారం కాదిది.

ఇంకో ప్రమాదం లెక్కలో ఉంది. మన దగ్గర బుడ్డీల్లో ఎక్కువగా దొరికేది యూ-40, అంటే ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లు. దానికి ఎర్ర మూత సిరంజి. పెన్నుల్లో ఎక్కువగా ఉండేది యూ-100. ఆ గాఢతకు తగ్గ సిరంజికి నారింజ రంగు మూత. అమెరికాలో ఉన్న కొడుకో కూతురో వస్తూ వస్తూ తెచ్చే బుడ్డీ యూ-100. దాన్ని ఇంట్లో ఉన్న ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 20 యూనిట్లు కాదు, 50. ప్రాణం మీదికి వస్తుంది. తిరగేసి, యూ-40 మందును నారింజ సిరంజితో అదే గీత దాకా తీస్తే 8 యూనిట్లే వెళతాయి. బుడ్డి మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా అని చూసుకోవడం ఒక్క క్షణం పని. అది చూడాలని ముందు ఎవరో ఒకరు చెప్పాలి కదా.

మిగిలినవి తేలికైన సంగతులే. సబ్బుతో చేతులు కడుక్కోవాలి. చర్మం శుభ్రంగా ఉంటే స్పిరిట్ దూది తప్పనిసరి కాదు. రాసుకుంటే ఆరేదాకా ఆగాలి, లేకపోతే మంట. బుడ్డి రబ్బరు మూతను మాత్రం తుడవాల్సిందే. చీర మీంచో చొక్కా మీంచో పొడుచుకోకూడదు. తెరవని మందు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. గడ్డకట్టిందా, కరిగించి వాడకూడదు. రామగుండం ఎండల్లో ఫ్రిజ్ లేని ఇంట్లో తడి ఇసుకలో పెట్టిన మట్టికుండ ఎంతో మేలు.

వాడేసిన సూది ఎటు పోతోంది? కవర్లో చుట్టి చెత్త బుట్టలో వేస్తున్నాం. తెల్లారేసరికి చెత్త బండి దగ్గర ఆ కవరును వట్టి చేతులతో విప్పి తడి, పొడి వేరుచేసే మనిషికి అది గుచ్చుకుంటుంది. ఎవరి సూదో తెలియదు, ఏ జబ్బు అంటుతుందో తెలియదు. మన సూది మనకు గుచ్చుకోకూడదనుకున్నప్పుడు ఆ మనిషికి మాత్రం ఎందుకు గుచ్చుకోవాలి? మందపాటి ప్లాస్టిక్ సీసా, ఫినాయిల్‌ది గానీ బట్టల లిక్విడ్‌ది గానీ, మూత బిగించి పక్కన పెట్టుకొని సూదులన్నీ అందులో వేయాలి. సీసా నిండితే ఎక్కడ ఇవ్వాలన్నదే చిక్కు. 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు ఇళ్లలో వాడిన సూదులనూ సిరంజిలనూ ప్రమాదకర చెత్తగానే లెక్కగట్టాయి. పట్టణాల్లో ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు ఒక సేకరణ కేంద్రం పెట్టమన్నాయి. మీ ఇంటికి దగ్గర్లో అలాంటిది మీ కంటపడిందా? నా కంటపడలేదు.

కొత్త కేంద్రాలు కట్టేదాకా ఆగక్కర్లేదు. ప్రతి బస్తీ దవాఖానాలో, ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సూదుల కోసమే తెల్లటి గట్టి డబ్బా ఉండాలని జీవవైద్య వ్యర్థాల నిబంధనలు ఎప్పుడో చెప్పాయి. వాటిని తీసుకెళ్లే బండీ ఉంది. ఊళ్లోవాళ్లు తెచ్చే సీసాలనూ అక్కడే తీసుకోమని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు. సర్కారు ఆసుపత్రిలో ఇన్సులిన్ బుడ్డి ఉచితంగా దొరికినా, సూదులు బయట కొనుక్కుంటున్నవాళ్లున్నారు. నెలనెలా ఖర్చు తగ్గించుకునే చోటు వాళ్లకు సూదే. బుడ్డితో పాటు సరిపడా సూదులూ ఇవ్వాలి. ఇన్సులిన్ రాసే ప్రతి డాక్టరూ చీటీలో సూదుల సంఖ్య కూడా రాయాలి. మొదటిసారి రాసిన రోజే నర్సు ఆ మనిషిని కూర్చోబెట్టి, తన ఎదుటే ఒకసారి వేసుకోనిచ్చి చూడాలి. ఈసారి మీ ఇంట్లో పెద్దవాళ్లతో ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఇవి పేరుపేరునా అడగండి. సీసా నిండిపోయి ఉంటే దాన్నీ వెంట తీసుకెళ్లి, ఎక్కడ పడేయమంటారో అక్కడి సిబ్బందినే అడగండి.