జాబ్ మేళాకు వెళ్తున్నారా? ముందు మీ రెజ్యూమె మీరే ఒకసారి చదవండి

మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం.. పశ్చిమ ప్రకాశంలో చదువు అయిపోయిన కుర్రాళ్లలో చాలామంది ఉద్యోగం కోసం హైదరాబాద్, బెంగళూరు బస్సు ఎక్కాల్సిందే. వెలిగొండ నీళ్ల కోసం ఏళ్లుగా ఎదురుచూస్తున్న ప్రాంతం ఇది. పలకల పరిశ్రమకు పాత వెలుగు లేదు. అందుకే జాబ్ మేళా అనగానే ఇక్కడ అంత ఆశ.

మరి దెబ్బ ఎక్కడ పడుతోంది? చాలాసార్లు రెజ్యూమె దగ్గరే. నెట్ సెంటర్‌లో ఎవరిదో పాత ఫైల్ తీసి, పేరు, ఫోన్ నంబర్ మార్చి ప్రింట్ కొట్టిస్తారు. అందరి 'కెరీర్ ఆబ్జెక్టివ్' ఒకటే. 'లీడర్‌షిప్ క్వాలిటీస్' అని ఉంటుంది, ఒక ఉదాహరణ చెప్పమంటే నోరు పెగలదు.

అసలు చెప్పుకోవాల్సింది మాత్రం వదిలేస్తారు. సెలవుల్లో పలకల ఫ్యాక్టరీలో పని చేసి ఉంటారు. బట్టల షాపులో లెక్కలు చూసి ఉంటారు. అది కూలి పని కదా అని నామోషీ! కానీ 'రెండు నెలలు పలకల యూనిట్‌లో ప్యాకింగ్ చేశాను, రోజూ సరుకు లెక్క రాశాను' అని ఒక్క లైన్ రాసి చూడండి. ఇంటర్వ్యూ చేసేవాళ్లు దాని గురించే అడుగుతారు. చేసిన పనే కాబట్టి బట్టీ పట్టక్కర్లేదు. గ్రూప్స్ కోచింగ్‌కు రెండేళ్లు పోయాయా? అదీ రాయండి. దాచిన గ్యాప్ మీదే ప్రశ్నలు ఎక్కువ.

ఇంగ్లిష్ రాదని వెనక్కి తగ్గొద్దు. 'తెలుగులో చెప్పొచ్చా సార్' అని అడగండి. ప్రొడక్షన్, గోడౌన్, షోరూం పోస్టులకు చాలాచోట్ల ఒప్పుకుంటారు. కాల్ సెంటర్ అయితే కుదరదనుకోండి.

జీతం దగ్గర మొహమాటం అస్సలు వద్దు. 15 వేలు అన్నారంటే చేతికి 15 వేలు రావు. అది మొత్తం బేసిక్ అయితే పీఎఫ్ 12 శాతం, అంటే 1,800 పోతుంది. ఈఎస్‌ఐ 0.75 శాతం, ఇంకో 113. మిగిలేది 13,087. శ్రీసిటీలోనో చెన్నైలోనో హాస్టల్, తిండి ఖర్చు అందులోంచే. రూమ్ కంపెనీ ఇస్తుందా, షిఫ్టులు ఎలా, క్యాంటీన్ డబ్బులు కోస్తారా.. ఇవన్నీ అక్కడే అడగండి. ఊరు దాటాక అడిగితే లాభం లేదు.

ఇంకో మాట. రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ మేళాలకు ఫీజు లేదు. కేంద్రం నడిపే నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ కూడా ఉచితమే. 'సెలెక్ట్ అయ్యారు, ట్రైనింగ్ డిపాజిట్ ఫోన్‌పే చేయండి' అని ఎవరైనా ఫోన్ చేస్తే రూపాయి కూడా పంపొద్దు. పంపేసి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి.