ఒకే రంగు ఎంచుకుందాం

"పెళ్ళాం పిల్లల్ని ఇంటి దగ్గర వదిలి ఎడారిలో పడి ఉన్నావు. ఈ వయసులో నీకు కంప్యూటరు గేములేమిటయ్యా?" అని మొన్న ఒక పెద్దమనిషి నన్ను అడిగారు. ఆయనకి అప్పటికప్పుడు ఏదో చెప్పి తప్పించుకున్నాను గానీ, సరైన జవాబు చెప్పలేదన్న వెలితి మాత్రం ఉండిపోయింది. ఆ జవాబే ఈ వ్యాసం.

ముందే ఒక మాట. నేను చెప్పబోయేది ఒకరినొకరు ఓడించుకునే ఆటల గురించి కాదు, ఇద్దరో నలుగురో ఒక పక్షాన నిలబడి కలిసి ఆడే ఆటల గురించి. మనవాళ్ళు అన్నిటినీ కలిపి 'ఆన్‌లైన్ గేములు' అని ఒకే గాటన కట్టేస్తారు. డబ్బులు పెట్టి ఆడే రమ్మీలాంటి వాటిని 2017లో తెలంగాణా, 2020లో ఆంధ్రప్రదేశూ, 2025లో దేశం మొత్తానికీ కేంద్ర ప్రభుత్వమూ నిషేధించాయి. మంచిదే. కానీ ఆ కోపంలో రెండో రకం ఆటల్ని కూడా చెత్తబుట్టలో వేసేస్తున్నామేమోనని నా బాధ.

నా మొదటి పాఠం ఆర్మూరులో, 1995 వేసవి సెలవుల్లో. మస్కట్ నుంచి వచ్చిన చిన్నాన్న ఒక వీడియో గేము పెట్టె తెచ్చాడు. అసలు నింటెండో కాదు లెండి, దాని నకలు. కార్ట్రిడ్జి పెట్టే ముందు నోటితో ఒకసారి ఊదడం, టీవీలో చానెలు దొరక్కపోతే పెట్టె నెత్తిన ఒకటివ్వడం... మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. నాకు పన్నెండేళ్ళు, తమ్ముడికి తొమ్మిది. ఇద్దరం కలిసి ఆడింది కాంట్రా.

ఆ ఆటలో మూడో అంకం ఒక జలపాతం. రాళ్ళ మీద గెంతుకుంటూ పైకి ఎక్కాలి. స్క్రీను కూడా మనతోపాటే పైకి జరుగుతుంది. చిక్కెక్కడంటే, ఇద్దరికీ స్క్రీను ఒక్కటే. ఒకడు త్వరత్వరగా ఎక్కేస్తే కింద మిగిలినవాడు స్క్రీను అంచు దాటి చచ్చిపోతాడు. వాణ్ణి శత్రువు చంపక్కర్లేదు, పక్కవాడి తొందరే చంపుతుంది!

"అన్నా, జర ఆగే!" అని తమ్ముడు అరుస్తూనే ఉండేవాడు. నేను ఆగేవాణ్ణి కాదు. పైకీ కిందికీ కుడికీ ఎడమకీ మీటలు నొక్కి తెచ్చుకున్న ముప్ఫై ప్రాణాల్లో వాడివి సగం ఆ జలపాతంలోనే పోయేవి, అవన్నీ నా వల్లే. వాడిప్పుడు డాలస్‌లో సాఫ్ట్‌వేరు ఇంజనీరు. ఇద్దరు పిల్లల తండ్రి. ఇప్పటికీ ఫోనులో ఏదైనా మాట తేడా వస్తే, "నువ్వు జలపాతం దగ్గరే ఆగలేదు, ఇప్పుడు ఆగుతావా?" అంటాడు. నవ్వుతూనే అంటాడు గానీ, మర్చిపోలేదన్నమాట.

రెండో పాఠం ముసఫ్ఫాలో నేర్చుకున్నాను. అబూ ధాబీ నగరానికి దాదాపు ముప్ఫై కిలోమీటర్ల దూరంలో ఉండే పారిశ్రామికవాడ ఇది. వర్క్‌షాపులు, గోదాములు, ఇనుము కోసే చప్పుళ్ళు ఒక పక్కన. షాబియా అని పిలిచే నివాస ప్రాంతం ఇంకో పక్కన. 2008లో ఇక్కడొక ఫ్యాబ్రికేషన్ కంపెనీలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగంలో చేరి, షాబియాలో ఒక ఫ్లాటులో ఆరుగురితో పాటు చేరాను. అందరం ఇళ్ళ దగ్గర కుటుంబాల్ని వదిలి వచ్చినవాళ్ళమే. కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే 2019 నుంచి ఉన్న నిబంధన ప్రకారం నెలకు 4,000 దిర్హాముల జీతమో, లేదా 3,000తో పాటు కంపెనీ ఇచ్చే వసతో ఉండాలి. కాగితం మీద అది పెద్ద మొత్తం కాదు. ఇంటి అద్దే, బడి ఫీజులూ కలిపి లెక్క వేసుకున్నాకే అసలు సంగతి తెలుస్తుంది.

శుక్రవారం మధ్యాహ్నం బిర్యానీ తిన్నాక నాలుగు లాప్‌టాపులు ఒక రూటరుకి తగిలించి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండో భాగం పెట్టేవాళ్ళం. నలుగురం ఒక జట్టు, ఎదురుగా కంప్యూటరు. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. 1999లో వచ్చిన ఈ ఆటలో ఊరు కట్టాలి, కట్టెలు కొట్టాలి, పొలం వేయాలి, ఆ తర్వాతే సైన్యం, యుద్ధం.

మా గదిలో జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉండేవాడు. క్రేన్ ఆపరేటరు. మేమంతా కాకా అనేవాళ్ళం. అంతకు ముందు మౌసు ముట్టుకోలేదు. ఒకరోజు నాలుగోవాడు డ్యూటీకి పోతే కాకాని కూర్చోబెట్టాం. కత్తి పట్టమంటే పట్టలేదు గానీ పొలాల దగ్గర స్థిరపడిపోయాడు. ఈ ఆటలో ఒక పొలం వేయాలంటే అరవై కట్టెలు చాలు. పంట అయిపోతే మళ్ళీ అరవై కట్టెలు. అంతే.

"బోరు ఎయ్యనక్కర లేదా?" అని అడిగాడు కాకా.

"అక్కర లేదు కాకా."

"కరెంటు?"

"అదీ వద్దు."

ఊళ్ళో మూడు బోర్లు వేసి, మూడూ ఎండిపోయి, ఆ అప్పు తీర్చడానికే ఇక్కడికి వచ్చిన మనిషి ఆయన. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక మూల నుంచి వరసగా పొలాలు వేసుకుంటూ పోయాడు. ఆరోజు మా సైన్యానికి తిండి కరువన్నది లేదు. ఆయన నిదానానికి మేము విసుక్కోవలసిన అవసరమే రాలేదు, ఎందుకంటే ఆయన చేతికి తగిన పని ఆ ఆటలో ఉంది. కలిసి ఆడే ఆటల్లో నాకు నచ్చేది ఇదే. చురుకైనవాడికీ నిదానస్తుడికీ ఒకే ఆటలో చోటుంటుంది.

ఇక మూడో పాఠం. ఇది కాస్త కష్టమైనది.

2020లో కోవిడ్ వచ్చింది. ఏప్రిల్ చివర ముసఫ్ఫాలో మూడు లక్షల పైచిలుకు మందికి పరీక్షలు చేసే కార్యక్రమం మొదలైంది. మేము గదుల్లోనే ఉండిపోయాం. ఆర్మూరులో మావాడికి పదకొండేళ్ళు, ఆన్‌లైన్ క్లాసులు. నేను ఫోను చేస్తే మా సంభాషణ మూడు ప్రశ్నల్లో ముగిసేది. తిన్నావా? చదువుతున్నావా? అమ్మ ఏం చేస్తోంది? వాడి జవాబులు ఇంకా చిన్నవి. ఆ, ఆ, వంటింట్లో ఉంది. ఆ తర్వాత ఇద్దరికీ ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. తండ్రీ కొడుకుల మధ్య మాటలు రావాలంటే మధ్యలో ఏదో ఒక పని ఉండాలి. సైకిలు బాగు చేయడమో, బావి దగ్గరికి పోవడమో. మా మధ్యలో ఉన్నది నెలనెలా నేను పంపే డబ్బు ఒక్కటే.

వాడప్పట్లో పబ్జీలో మునిగి ఉండేవాడు. సెప్టెంబరు 2న భారత ప్రభుత్వం దాన్ని మరో 117 యాప్‌లతో కలిపి నిషేధించింది. వాడు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదని మా ఆవిడ చెప్పింది. తిడదామని ఫోను తీశాను. ఏమనుకున్నానో ఏమో, "నాకొక ఆట వచ్చు, నేర్పిస్తా, ఆడతావా?" అన్నాను. క్లాసుల కోసం కొన్న లాప్‌టాపులో 2019లో వచ్చిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండు కొత్త కూర్పు వేయించాను.

మొదట మిత్రరాజ్యాలుగా ఆడేవాళ్ళం. వాడిది నీలం, నాది ఎరుపు. వాట్సాప్‌లో మాట్లాడుకుంటూ ఆడదామంటే ఇక్కడ ఆ కాల్స్ నడవవు. అందుకని ఆటలోనే ఉన్న అంకెల భాష వాడుకున్నాం. 3 నొక్కితే 'ఆహారం కావాలి', 4 కట్టెలు, 5 బంగారం, 11 నొక్కితే పెద్ద నవ్వు. వాడు 3 నొక్కుతాడు. నేను మార్కెట్టు ద్వారా పంపుతాను. పంపినప్పుడల్లా మార్కెట్టు కొంత కమీషను కోసుకుంటుంది. బ్యాంకింగ్ విద్య సాధించాకే ఆ కమీషను పోతుంది. ఆ ఆట తయారుచేసినవాళ్ళకి గల్ఫులో బంధువులెవరైనా ఉన్నారేమోనని నాకు అనుమానం!

కొన్ని వారాలయ్యాక అర్థమైంది. ఆటలో కూడా నేను చేస్తున్నది అదే పని. వాడు అడుగుతాడు, నేను పంపుతాను. వాడి రాజ్యం వాడిది, నాది నాది.

ఈ ఆటలో చాలామందికి తెలియని ఒక సౌకర్యం ఉంది. మొదలుపెట్టే ముందు ఇద్దరూ ఒకే రంగు ఎంచుకుంటే ఇద్దరికీ కలిపి ఒకటే రాజ్యం. ఒకే ఖజానా, ఒకే సైన్యం. ఎవరైనా ఎవరినైనా నడపొచ్చు. అలా మొదలుపెట్టాం. ఇక పంపడాలు లేవు, కమీషను లేదు. కాకా దగ్గర నేర్చుకున్న విద్యతో నేను పొలాలు చూసుకునేవాణ్ణి, వాడు యుద్ధం. నేను దాచుకున్న బంగారం వాడు ఖర్చు పెట్టేసేవాడు. పోట్లాడుకునేవాళ్ళం. ఏళ్ళ తర్వాత మేమిద్దరం ఒక విషయం మీద పోట్లాడుకోవడం అదే. ఆ సంతోషం ఆ పెద్దమనిషికి ఎలా చెప్పను?

మన వృత్తికి సంబంధించిన సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. మొదటి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ నెట్‌వర్కు గురించి పాల్ బెట్‌నర్, మార్క్ టెరానో 2001లో ఒక వ్యాసం రాశారు. 28.8 మోడెం మీద పదిహేను వందల మంది విలుకాళ్ళని ఎలా నడిపించామన్నది దాని విషయం. అంతమంది ఎక్కడెక్కడున్నారో క్షణక్షణం పంపాలంటే ఆ మోడెం చాలదు. అందుకని ప్రతి కంప్యూటరూ ఆట మొత్తాన్ని తనే నడుపుకుంటుంది, తీగ మీద ప్రయాణించేవి ఆజ్ఞలు మాత్రమే. అన్ని కంప్యూటర్లూ అడుగులో అడుగు వేస్తూ నడవాలి. అంటే అందరిలోకీ నెమ్మదైన కంప్యూటరు వేగమే అందరి వేగం. కాంట్రా జలపాతానికి ఇది సరిగ్గా తలకిందులు! వాళ్ళు గమనించిన ఇంకో సంగతి: జాప్యం పావు సెకను దాకా ఆటగాళ్ళకి తెలియనే తెలియదు. ఒకసారి వేగంగా, ఒకసారి నిదానంగా ఉండేదానికంటే ఎప్పుడూ నిలకడగా అర సెకను ఆలస్యమయ్యేదే వాళ్ళకి నయం. జనం ఆలస్యానికి అలవాటు పడతారు, నిలకడలేనితనానికి పడరు.

నిలకడ మాకు 2022లో దొరికింది. అంతకు ముందు నాకు శుక్రవారం సెలవు, వాడికి ఆదివారం. ఆ జనవరిలో ఎమిరేట్స్ ప్రభుత్వం వారాంతాన్ని శని, ఆదివారాలకి మార్చింది. మా కంపెనీ కూడా సెలవు ఆదివారానికి మార్చుకుంది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఇక్కడ నాలుగు, అక్కడ అయిదున్నర.

ఆ ఏడాది చివర్లో నా పాత లాప్‌టాపు చచ్చింది. కొత్తది కొన్నాను. మొదటి ఆటలోనే సైన్యాలు పరిగెత్తుతుంటే నాకు ఆశ్చర్యం. ఆరోజు రాత్రి ఫోనులో అడిగాను.

"ఇన్ని రోజులు ఆట మెల్లగ నడిచింది నా లాప్‌టాపు వల్లనేనా?"

"అవు డాడీ."

"నీకు ఎరుకేనా?"

"ఫస్టు నుంచే ఎరుక."

"మరి చెప్పకపోతివి?"

"చెప్తే ఆడుడు బంద్ చేస్తవని."

రెండేళ్ళు. పదమూడేళ్ళ కుర్రాడు, చేతిలో మంచి కంప్యూటరు పెట్టుకుని, రెండేళ్ళు నా నిదానంతో నడిచాడు. జలపాతం దగ్గర నేను చేయలేని పని వాడు చేశాడు.

ఇలాంటి ఆటలకి కొరత లేదు. 2021లో వచ్చిన ఇట్ టేక్స్ టూని ఒక్కరే ఆడదామన్నా కుదరదు. ఒకరు మేకు విసిరితే ఇంకొకరు దానికి సుత్తి తగిలించి వేలాడాలి. ఒకరు కొంటే రెండోవారు ఉచితంగా ఆడొచ్చు. ఆ ఏడాది ద గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ గేము అదే. ఒకే స్క్రీను మీద ఆడే ఆటల్ని దూరం నుంచి కలిసి ఆడే ఏర్పాటు స్టీమ్‌లో 2019 నుంచే ఉంది. సాధనాలున్నాయి. లేనిది మనం కేటాయించే ఆ ఒక్క గంట.

ఆటలన్నీ మంచివని నేననను. అపరిచితులతో రాత్రంతా ఆడితే పిల్లలు పాడవుతారు, నిజమే. దానికి నాకు తెలిసిన మందు ఆ అపరిచితుల చోట్లో మనం కూర్చోవడమే. డాలస్ అయినా, సిడ్నీ అయినా, ముసఫ్ఫా అయినా. వారానికి ఒక గంట, ఎప్పుడూ అదే గంట. చేతకాకపోతే మరీ మంచిది. మీ కోసం ఆగే అవకాశం పిల్లలకి దొరుకుతుంది.

మావాడు ఇప్పుడు ఇంటర్మీడియట్. హైదరాబాదులో హాస్టలు. అక్కడ లాప్‌టాపు ఉండనివ్వరు. ఆదివారం నాలుగింటికి నాకు ఏమీ తోచదు. వాడు వెళ్ళే ముందు ఆడిన చివరి ఆట సగంలో ఆపి దాచుకున్నాం. దాన్ని మళ్ళీ తెరవాలంటే ఇద్దరం ఉండాలి. పరీక్షలయ్యాక అన్నాడు. పొలాలు ఎక్కడెక్కడ వేశానో నాకు గుర్తుంది.