విద్యార్థులే యజమానులైన ఇళ్లు

మహామాంద్యం రోజుల్లో, 1933లో, కాలిఫోర్నియాలోని బర్కిలీలో 14 మంది విద్యార్థులు ఉమ్మడిగా ఇల్లు నడుపుకోవడం మొదలుపెట్టారు. స్టైల్స్ హాల్ అనే విద్యార్థి సేవాసంస్థకు చెందిన హ్యారీ కింగ్‌మన్ వారిని ప్రోత్సహించారు. ఇప్పుడా సహకార సంఘం ఇళ్లలో 1,200 మందికి పైగా ఉంటున్నారు.

దాన్ని చౌక హాస్టల్ అనుకోకూడదు. హాస్టల్లో యజమాని ఒకరు, డబ్బు కట్టేది మరొకరు. అక్కడ ఇద్దరూ ఒకరే. భవనాల అప్పు, మరమ్మతులు, కరెంటు, సరుకులు అన్నీ లెక్కగట్టి సభ్యులకు పంచుతారు. లాభం తీసుకునేవారు ఎవరూ లేరు. సంఘం భోజనం పెట్టే ఇళ్లలో ఒక్కో సభ్యుడు వారానికి సుమారు ఐదు గంటలు పనిచేయాలి. ఒకరు యాభై మందికి కూర వండితే, మరొకరు ఆ గిన్నెలన్నీ తోముతారు, ఇంకొకరు బాత్రూములు కడుగుతారు. ఎవరి వంతు ఏమిటో సభ్యులు ఎన్నుకున్న మేనేజరే రాస్తారు. వంతు ఎగ్గొడితే జరిమానా. ఖర్చు తగ్గడానికి ఈ శ్రమా ఒక కారణం.

అసలు చిక్కు మరోచోట ఉంది. సభ్యులు నాలుగేళ్లలో చదువు ముగించుకుని వెళ్లిపోతారు. అప్పు మాత్రం దశాబ్దాలు తీర్చాలి. అందుకే ఎన్నికైన విద్యార్థి బోర్డు కింద జీతాల సిబ్బంది ఉంటారు. లెక్కలూ పత్రాలూ వారి చేతిలో. పెత్తనం విద్యార్థులది కాబట్టి కఠిన నిర్ణయాలూ వారివే. మాదకద్రవ్యాలు, ఇరుగుపొరుగు ఫిర్యాదులతో చెడ్డపేరు తెచ్చుకున్న బారింగ్టన్ హాల్ అనే తమ ఇంటిని మూసేయాలని 1989లో సభ్యులే ఓటేశారు. ఏ వార్డెనూ ఇవ్వలేని తీర్పు అది.

భవనం కొనే స్తోమత లేకపోతే? స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరాలో 2014లో మొదలైన ఇలాంటి సహకార సంఘం కొనలేదు, లీజుకు తీసుకుంది. 106 మంది అక్కడ ఉండగలరు.

మనకీ దారి మూసుకుపోలేదు. ప్రభుత్వ వాటాధనం, పెత్తనం లేకుండా సంఘం పెట్టుకునే వీలు 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టంలో ఉంది. నెల ఖర్చును తిన్న రోజులతో భాగించి మెస్ బిల్లు తేల్చిన కుర్రాళ్లకు లెక్కలు కొత్త కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇరుకు గదికి అద్దె కడుతూ, చారు పలచనైందని ఎవరికి చెప్పాలో తెలియక ఊరుకునే పిల్లలకు ఇలాంటి ఇల్లు కావాలి. విశ్వవిద్యాలయాలు వాడకంలో లేని పాత హాస్టల్ బ్లాకొకటి బాగుచేయించి, దీర్ఘకాల లీజుకు విద్యార్థి సంఘానికి అప్పగించాలి. మొదటి రెండు మూడేళ్లు అనుభవమున్న అకౌంటెంట్‌ జీతం కూడా భరించాలి.