సమావేశంలో మన మాట

మహిళా వేదిక

“అడగనిదే అమ్మయినా పెట్టదు” అన్నారు పెద్దలు. అయితే ఆ సామెతను ఆడపిల్లలకు బోధించినవారు అరుదు. పెద్దల ఎదుట నోరు విప్పకపోవడమే సుగుణమని విని పెరిగిన మనం, ఉద్యోగంలో చేరిన నాటి నుండి పదిమంది అధికారుల సమక్షంలో అభిప్రాయం చెప్పవలసి వస్తుంది. పనిలో ఎవరికీ తీసిపోని సోదరీమణులు సైతం అక్కడ తడబడడం నేను అనేక పర్యాయాలు చూశాను. నేనూ తడబడినదాననే.

సుమారు ఇరవై ఏళ్ళ క్రితం, లోగడ పనిచేసిన ఒక సంస్థలో సామగ్రి విభాగంలో ఉండేదాన్ని. ఒక రకం బేరింగులు గిడ్డంగిలో 130 నిల్వ ఉన్నాయి. ఏడాది వాడకం 40 మాత్రమే. అయినా మరో 60 కావాలని ఇండెంటు వచ్చింది. సమావేశంలో నేను, “నాకు అంతగా తెలియదు గానీ, నిల్వ ఒకసారి చూస్తే బాగుంటుందేమో” అన్నాను. ఎవరూ తలెత్తలేదు. కొంతసేపటికి ప్రక్కనున్న సహోద్యోగి నా కాగితంలోని అంకెలనే చూసి, “మూడేళ్ళకు సరిపడా సరుకు ఉంది. ఈ ఇండెంటు రద్దు చేయాలి” అన్నారు. అందరూ ప్రశంసించారు. మినిట్స్‌లో ఆయన పేరే నమోదైంది. ఆ ఏడాది చివర అధికారి నన్ను పిలిచి, “పని బాగా తెలుసు, చొరవే చాలదు” అన్నారు. ఆ ఏడాది పదోన్నతి జాబితాలో నా పేరు లేదు.

ఆయన చేసినది న్యాయం కాదు. కానీ ఆలోచించిన కొద్దీ మరొకటి బోధపడింది. ఆయన మాటలో నిర్ణయం ఉంది, నా మాటలో సంకోచం ఉంది. తెలిసిన విషయాన్ని తెలియనట్లు చెప్పడం వినయం కాదని నాడు గ్రహించాను.

అప్పటి నుండి మూడు నియమాలు పాటిస్తున్నాను. మొదటిది, ముందు సూచన, తరువాత అంకెలు, చివర కోరిక. “ఈ ఇండెంటు రద్దు చేయాలని నా సూచన. నిల్వ 130, ఏడాది వాడకం 40. ఈ రోజే నిర్ణయించవలసిందిగా కోరుతున్నాను.” ఇంతే. నిజంగా సందేహముంటే అది దేని మీదనో స్పష్టంగా చెప్పాలి. అన్నింటికీ “బహుశా” తగిలించరాదు.

రెండవది, మాటకు కాగితం తోడుండాలి. సమావేశానికి ముందే అరపేజీ నోటు, పేరుతో, తేదీతో, అధ్యక్షులకు పంపాలి. మినిట్స్‌లో మన సూచన రాకపోతే, ఒకటి రెండు రోజులలోనే మర్యాదగా సవరణ కోరుతూ వ్రాయాలి.

మూడవది, ఎవరైనా అడ్డు వస్తే “ఒక్క నిమిషం, నా మాట ముగిస్తాను” అని శాంతంగా అనాలి. తోటి సోదరి సూచనను మరొకరు తమదిగా చెబితే, “ఇందాక ఆమె చెప్పినదీ ఇదే” అని మనమే గుర్తు చేయాలి. తన గురించి తాను చెప్పుకోవడం కష్టం, మరొకరి గురించి చెప్పడం సులభం.

వ్రాతపూర్వకంగా నిలిచిన మాటకు ఎంత బలమున్నదో చరిత్ర చెబుతుంది. తొలి గర్భధారణతోనే ఉద్యోగం పోయే నిబంధనపై ఎయిర్ ఇండియా ఎయిర్ హోస్టెస్‌లు తమలో తాము వాపోయి ఊరుకోలేదు, న్యాయస్థానానికి వెళ్ళారు. 1981లో సుప్రీం కోర్టు ఆ నిబంధనను కొట్టివేసింది. ప్రభుత్వరంగ మహిళా ఉద్యోగులకు విప్స్ అనే ఉమ్మడి వేదిక 1990 ఫిబ్రవరి 12న ఏర్పడింది. 2014లో నిషి వాసుదేవ హిందుస్తాన్ పెట్రోలియం సంస్థకు, 2021 జనవరిలో సోమా మండల్ స్టీల్ అథారిటీ ఆఫ్ ఇండియాకు సారథ్యం చేపట్టారు. ఆ రెండు సంస్థలలోనూ ఆ పదవి చేపట్టిన తొలి మహిళలు వారే.

అయితే భారమంతా స్త్రీలదే అనడం సబబు కాదు. దృఢంగా మాట్లాడిన పురుషుణ్ణి సమర్థుడని, అదే మాట అన్న స్త్రీని గడుసుదని అనే అలవాటు మన కార్యాలయాలలో ఇంకా పోలేదు. సమావేశానికి అధ్యక్షత వహించే సోదరులు, ఇంతవరకు మాట్లాడని వారి అభిప్రాయం కూడా అడిగిన తరువాతనే నిర్ణయం ప్రకటించే పద్ధతి పాటిస్తే ఎంతో మేలు. దానివల్ల సంస్థకే లాభం. నా సూచనను ఎవరూ అందుకోకపోయి ఉంటే, ఆ 60 బేరింగుల సొమ్ము సంస్థదే కదా వృథా అయ్యేది!

ఈ శిక్షణ నిజానికి ఇంట్లోనే మొదలు కావాలి. భోజనాల వేళ ఆడపిల్ల ఏదైనా చెబుతుంటే మధ్యలో ఆపకండి, చివరిదాకా విని “ఎందుకని?” అని అడగండి. కారణం చెప్పడం ఆమెకు అక్కడే అలవాటవుతుంది. మౌనం అర్ధాంగీకారమంటారు. మనకు అంగీకారం కాని చోట, సోదరీమణులారా, మౌనం వహించకుందాం.